హన్మకొండల తాగెటోళ్ల ఇంటోళ్ల గ్రూపు, పన్నెండు వారాలు పోయినంక నా రివ్యూ (4/5)

ముందే చెప్తున్న, ఇది తాగుడు మాన్పించే సెంటర్ గురించి కాదు. తాగెటోళ్లతోని ఒకే ఇంట్ల బతికెటోళ్ల కోసం సుబేదారి దిక్కు ఓ కౌన్సిలర్ మేడం నడిపే గ్రూపు. మా తమ్ముడు తాగుతడు, అమ్మ నేను ఇద్దరం పోయినం. ఆదివారం నాలుగింటికి, గంటన్నర, మనిషికి 300. పేరు రాస్తలే, హన్మకొండ ఎంతుంటది చెప్పుండ్రి, చౌరస్తల నిలబడితే పది మంది తెల్సినోళ్లు ఎదురైతరు.

అమ్మను తీస్కపోవుడే పెద్ద పని అయింది. "ఇంటి గుట్టు లంకకు చేటు అంటరు, నువ్వేమో పైసలిచ్చి మరీ చెప్పొద్దాం అంటున్నవ్" అని రెండు రోజులు నాతోని మాట్లాడలే. మొదటి వారం పోతే ఎనిమిది మందిమి గుండ్రంగ కూసున్నం, ఫోన్లన్ని సైలెంట్ల పెట్టి ఓ స్టీలు గిన్నెల ఏసుడు, ఈడ విన్నది బయట అనొద్దు, బయట కనపడితే అవతలోళ్లు పలకరిస్తేనే పలకరించాలె అని రూల్స్. అమ్మకు ఆ రూల్ అస్సల్ నచ్చలే, కనపడ్డంక పలకరించకుంటే ఏమనుకుంటరు అని. ఇగ అందరు ఒక్కటే పాట, మా ఆయన మంచోడే, మా కొడుకు బంగారమే, తాగితేనే జర... మేడం ఏమో సప్పుడు చెయ్యది. పైసలు ఆమెకు, మాట్లాడుడు మాకు, ఇదెక్కడి లెక్క అనుకున్న, నిజంగ రెండో వారమే మానేద్దామనుకున్న.

మూడో వారం మారింది. కాజీపేట దిక్కు నుంచి వచ్చే ఒకామె, నేను సీసా మీద స్కెచ్ పెన్‌తోని గీత పెడ్త, పొద్దుగాల ఎంతుంది రాత్రికి ఎంత దిగిందో చూస్త అన్నది. జరసేపు ఎవ్వలు మాట్లాడలే. అప్పుడు మా అమ్మ, రెండు వారాలు కొంగు నలుపుకుంట కూసున్న మా అమ్మ, "నేను కాటుకతోని పెడ్త, పెన్ను గీతైతే వాడు కనిపెడ్తడు" అన్నది. ఆ మూలకెళ్లి ఒకాయన, "మా అన్న తాగినంక గీత దాకా నీళ్లు పోసి పెడ్తడమ్మా, మీ గీతలు నమ్మకుండ్రి" అన్నడు. గది మొత్తం నవ్వుడే నవ్వుడు, అమ్మైతే కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. ఒకే ఇంట్ల ఉంట గద నేను, ఆ కాటుక ముచ్చట నాకు అప్పటిదాక తెల్వది.

ఇంటికొచ్చి ఈ గ్రూపుల గురించి చదివిన. అమెరికాల యాలోమ్ అని ఒక సైకియాట్రిస్టు, గ్రూపుల మనిషికి పనిచేసే సంగతులు పదకొండు అని లెక్క తీసిండట, అండ్ల ఒకటి ఇదే, ఈ బాధ నా ఒక్కదానిదే కాదు అని తెలుసుడు. అంతకన్న మస్తు ముందు, 1905ల బోస్టన్‌ల ప్రాట్ అనే డాక్టరు బీద టీబీ పేషెంట్లను ఒక్కకాడ కూసోబెట్టి విశ్రాంతి, శుభ్రత గురించి పాఠాలు చెప్పిండట, చూస్తే పాఠం ఒక్కటే కాదు, ఒకళ్లనొకళ్లు చూసి ధైర్యం తెచ్చుకునుడు గూడ పనిచేస్తున్నదట.

ఇగ నాలుగో వారం. మా దాంట్ల ఒక రిటైర్డ్ సార్ ఉండె, ఎవలేం చెప్పినా "అట్ల కాదమ్మా, నువ్వేం జెయ్యాలంటే" అని మొదలుపెడ్తడు. కాజీపేటామెకు మండింది. "సార్, నాలుగు వారాలాయె, మీ కొడుకు గురించి ఒక్క ముక్క చెప్పలే మీరు, మా ఇండ్లల్ల మాత్రం తీర్పులు చెప్తున్నరు" అన్నది మొఖం మీదనే. ఒకళ్లు సార్ దిక్కు, ఇద్దరు ఆమె దిక్కు, లొల్లి. మేడం ఆపలే, నాకు ఆమె మీదనే కోపమొచ్చింది. ఆఖరికి ఒక్కటే అడిగింది, "సార్, ఆమె మాట మీకు ఎక్కడ తాకింది?" అని. సార్ ఏం చెప్పలే, కండ్లద్దాలు తీసి తుడుసుకుంట కూసున్నడు. తెల్లారి వారం రాలే. ఆయన కుర్చీ తియ్యకుంట అట్లనే ఉంచింది మేడం, అందరం దాన్నే చూసుకుంట మాట్లాడినం. ఆరో వారం వచ్చిండు, కొడుకు గురించి చెప్పిండు. ఏం చెప్పిండో నేను రాయ.

ఇదంత గ్రూపులల్ల అయ్యేదేనట. టక్‌మన్ అని ఒకాయన 1965లనే రాసిండు, మొదట అందరు మర్యాదగ ఉంటరు, తర్వాత కొట్లాడతరు, తర్వాత వాళ్ల పద్ధతులు వాళ్లే పెట్టుకుంటరు, అప్పుడే అసలు పని అయితది అని. 1977ల అయిదోది గూడ కలిపిండు, విడిపోవుడు. మాకైతే అచ్చం అదే వరుస. మా దాంట్లకెళ్లి ఇద్దరు నాలుగో వారం లొల్లి చూసి మానేసిన్రు, నాకైతే వాళ్లు అన్నం ఉడికేముందే పొయ్యి కాడికెళ్లి లేసిపోయినట్టనిపించింది.

ఒక స్టార్ ఎందుకు కోసిన్నంటే, మధ్యల కొత్తోళ్లను తీస్కోం అని మొదట్ల చెప్పి ఏడో వారం ఒకాయనను తెచ్చి కూసోబెట్టిన్రు, మమ్మల్ని అడగకుంటనే. ఆయన తప్పేం లేదు పాపం, కానీ మళ్ల అందరం మొదటి వారం లెక్క "మా తమ్ముడు మంచోడే" కాడికొచ్చినం, రెండు వారాలు గంగపాలు. బతుకమ్మ వారం సెలవన్నది గూడ మెట్లెక్కినంకనే తెలిసింది, అమ్మ మోకాళ్లకు ఆ మెట్లు ఒక శిక్ష.

పైసలు పెట్టలేనోళ్లకు ఆల్-అనాన్ ఉంటది, 1951ల మొదలైంది, తాగెటోళ్ల ఇంటోళ్ల కోసమే. తాగెటోళ్లకేమో ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935ల ఒహాయో రాష్ట్రంల ఆక్రన్‌ల ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఇద్దరు తాగుబోతులే కలిసి పెట్టుకున్నది. రెండిట్ల ఫీజుండది, ఇష్టముంటే డబ్బాల ఏస్తరు, నడిపే డాక్టరుండడు, ఎప్పుడన్న పోవచ్చు. కాకపోతే ఆడ సాధారణంగ ఒకళ్లు చెప్తే మిగిలినోళ్లు వింటరు, మా దాంట్ల లెక్క ఎదురు మాట్లాడుకునుడు ఉండది. మీకేది పడ్తదో మీరే చూస్కోండ్రి. మనసు మరీ బాగలేకుంటే టెలీ మానస్ అని సర్కారు హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, ఫ్రీ, రాత్రైనా పగలైనా, తెలుగులనే మాట్లాడతరు.

తమ్ముడు మానిండా అని అడుగుతరు గద, మానలే. అమ్మ మాత్రం గీతలు పెట్టుడు బంద్ చేసింది, వాడు పైసలడిగితే లేవు అని ఒక్క మాటే అంటది. మొన్న భద్రకాళి గుడి కాడ కాజీపేటామె ఎదురైందట, ఇద్దరు రూల్ ప్రకారం ఎవలు ముందు పలకరించాల్నో తెల్వక చెప్పులిడిసే కాడ నిలబడి నవ్వుకున్నరట. వచ్చే బ్యాచ్‌కు పేరు రాయించిరా అంటున్నది. ఆ మెట్లకు ఒక పైపు పెట్టిస్తే కోసిన స్టార్ మళ్ల ఇస్త.