ఏడు తరాలు: తొమ్మిదో తరగతి పిల్లల చేతికి ఇవ్వదగ్గ పుస్తకం

హైదరాబాద్ బుక్ ట్రస్ట్ (హెచ్‌బీటీ) వేసిన ‘ఏడు తరాలు’ తెలుగులో చాలామందికి తెలిసిన పుస్తకమే. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లిష్‌లో తెచ్చిన ‘రూట్స్’ నవలకు సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం. ఉద్యమాల్లో తిరిగినవాళ్లూ, యూనివర్సిటీ హాస్టళ్లలో చదివినవాళ్లూ దీని గురించి ఇప్పటికే ఎంతో రాశారు. నేను దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. పద్నాలుగేళ్ల పిల్లలకు ఇది పనికొస్తుందా లేదా అన్నంతవరకే నా సమీక్ష. పనికొస్తుంది, బాగా పనికొస్తుంది. కొన్నిచోట్ల మాత్రం టీచరు పక్కన ఉండి తీరాలి.

మా క్లాసులో సగం మంది తండాల పిల్లలు. మిగతావాళ్లలో మాదిగ, యాదవ, ముదిరాజ్ ఇళ్ల పిల్లలున్నారు, టౌన్ నుంచి వచ్చే ముస్లిం పిల్లలున్నారు. అందరం ఒకే బెంచీల మీద కూర్చుంటాం గానీ ఒకరి ఇంట్లో జరిగేది ఇంకొకరికి తెలియదు. ‘మీ ఇంటి సంగతి చెప్పు’ అని నేరుగా అడిగితే తల వంచుకుంటారు. ఈ పుస్తకంలోని జఫూరే అనే ఆఫ్రికా ఊరి సంగతి చదివాక ఎవరూ అడగకుండానే చెప్పుకొచ్చారు. ఈ పుస్తకం చేసే పెద్ద పని ఇదేనని నా అభిప్రాయం.

కథ 1750లో గాంబియా నది ఒడ్డున మొదలవుతుంది. ఒమొరో, బింటా దంపతులకు కుంటా అనే కొడుకు పుడతాడు. ఎనిమిదో రోజున తండ్రి బిడ్డను ఎత్తుకుని, పెట్టబోయే పేరును ముందు వాడి చెవిలోనే చెప్తాడు. తానెవరో మనిషికి అందరికంటే ముందు తనకే తెలియాలని వాళ్ల నమ్మకం. ఈ పేజీ గట్టిగా చదివించగానే వెనక బెంచీలోని ఒక తండా పిల్లగాడు లేచి, హోలీ నాడు వాళ్లింట్లో తమ్ముడికి చేసిన ధూండ్ గురించి చెప్పాడు. ఆ ఏడాది పుట్టిన మగపిల్లవాడిని మధ్యలో కూర్చోబెట్టుకుని, పెద్దలు కర్రలు పట్టుకుని పాడుతూ దీవించే వేడుక అది. వాడు పాటలో రెండు ముక్కలు లంబాడీల భాష గోర్ బోలీలో పాడి కూడా వినిపించాడు. క్లాసులో ఆ భాష గట్టిగా వినిపించడం నేను అదే మొదటిసారి చూశాను. వెంటనే ఆడపిల్లల వైపు నుంచి మాట వచ్చింది: “ఆడిపిల్లకు ధూండ్ చెయ్యరు మేడం.”

ముస్లిం పిల్లలకు ఇంకో తలుపు తెరుచుకుంది. కుంటా కుటుంబం నమాజు చేస్తుంది, ఊరి బడిలో పిల్లలు ఖురాన్ నేర్చుకుంటారు. ఒకమ్మాయి పుస్తకం నా దగ్గరికి తెచ్చి, “నిజంగనా మేడం, ఆఫ్రికాల గూడ మనోళ్లున్నరా?” అని ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించింది. మిగతా నెల అంతా చదివే వంతు అడిగి మరీ తీసుకుంది.

ఎదిగే వయసు గురించి చెప్పడానికి ఇందులో ఉన్నంత సరుకు మన పాఠాల్లో నాకు దొరకలేదు. జఫూరేలో మగపిల్లల్ని ముఖానికి ముసుగేసి ఊరి బయటికి తీసుకుపోతారు. కొన్ని నెలలు అక్కడే ఉంచి వేట, పోరు, ఓర్పు, ఊరి పట్ల బాధ్యత నేర్పిస్తారు. తిరిగొచ్చిన కుంటాకు సొంత గుడిసె ఇస్తారు, కాపలా పని అప్పగిస్తారు. తల్లి కూడా వాడితో మాట్లాడే తీరు మార్చుకుంటుంది. దీని మీద చర్చ పెడితే మగపిల్లలు హుషారుగా మాట్లాడారు. ఆడపిల్లలు మాత్రం పట్టుకోవాల్సిన చోటే పట్టుకున్నారు. “వాడు పెద్దగైతే ఇల్లిచ్చిన్రు. మేం పెద్దమనిషైతే బయటికే పోనియ్యరు” అంది ఒకమ్మాయి. ఇంకొకామె అక్కకు పది పూర్తి కాకముందే సంబంధం చూస్తున్నారట. ఆ పీరియడ్ నేను పాఠం చెప్పలేదు, వాళ్లు చెప్పింది విన్నాను.

అక్కడి నుంచి కిజ్జీ కథకు వెళ్లాలి, అదే సరైన వరుస. కుంటాను పట్టుకుని, ఓడలో అమెరికాకు తీసుకుపోయి బానిసగా అమ్ముతారు. అక్కడ పుట్టిన అతని కూతురు కిజ్జీ దొంగచాటుగా చదవడం, రాయడం నేర్చుకుంటుంది. తను ఇష్టపడ్డ కుర్రాడు పారిపోవడానికి దొంగ పాస్ (బానిస బయట తిరగడానికి యజమాని ఇచ్చే చీటీ) రాసిస్తుంది. దొరికిపోతుంది. పదహారేళ్ల పిల్లను తల్లిదండ్రుల కళ్లముందే అమ్మేస్తారు. చదువు వస్తే ఏమవుతుందోనని యజమానులు ఎంత భయపడ్డారో మా పిల్లలకు ఒక్క సంఘటనతో అర్థమైంది. ఆ తర్వాత ఆమెకు జరిగేది మాత్రం క్లాసులో గట్టిగా చదివించకండి. నేను కథగా చెప్పి దాటించాను. ఓడ ప్రయాణం, పారిపోయినందుకు కుంటా పాదం నరికే ఘట్టం కూడా ముందే చెప్పి, వినగలిగినవాళ్లే వినేలా చూడండి.

ఇంకో సంగతి దాచకూడదు. ఇది నవల. దీన్ని చరిత్ర పుస్తకంలా ఇవ్వొద్దు. హెరాల్డ్ కూర్లాండర్ అనే రచయిత తన నవలలోని భాగాలు ఇందులో ఉన్నాయని కేసు వేస్తే, హేలీ 1978లో డబ్బు చెల్లించి రాజీపడ్డాడు. వంశావళి రికార్డులు వెతికినవాళ్లు, కుంటా తన పూర్వీకుడేనని హేలీ కలిపిన లంకెను ప్రశ్నించారు. తెలుగు పుస్తకంలో ఈ విషయం మీద ఒక పేజీ వివరణ చేరిస్తే బడులకు మేలు. పిల్లలకు ఇది చెప్తే పుస్తకం మీద గౌరవం తగ్గుతుందేమో అనుకునేవాళ్లు ఉంటారు. మా దగ్గర తగ్గలేదు. నాయనమ్మ చెప్పిన పేర్లను ఇంట్లో ఉన్న పాత పహాణీతోనూ పట్టా పాసు పుస్తకంతోనూ సరిచూడమని పని ఇచ్చాను. భూమి లేని ఇళ్లలో కాగితమే లేదు, పేర్లన్నీ ముసలమ్మల నోట్లోనే ఉన్నాయి. ఎవరి పూర్వీకులు కాగితానికి ఎక్కుతారు, ఎవరివి ఎక్కవు అన్న ప్రశ్న పిల్లలే అడిగారు.

జఫూరేలో ఒక గ్రియో, అంటే వంశాల కథలు నోటితో చెప్పేవాడు, గంటల తరబడి కింటే వంశాన్ని అప్పజెప్పాడని హేలీ రాస్తాడు. ఇక్కడ ఆగి మన డక్కలివాళ్లను, పిచ్చకుంట్లవాళ్లను తలచుకోవాలి. కులాల పుట్టుపూర్వోత్తరాలు నోటితో మోసుకొచ్చింది వాళ్లే. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన, 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాట ఫోన్లో వినిపించి గ్రియో పేజీ చదివిస్తే వేరే వివరణ అక్కర్లేదు.

అనువాదం సంగతి. సహవాసి వాక్యం చిన్నది, సాఫీగా నడుస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆగకుండా చదివేశారు. మూలం దాదాపు 700 పేజీల పుస్తకం కాబట్టి ఇక్కడ చాలా కుదించారు, చివరి తరాలు పరుగెత్తుతాయి. టామ్, సింథియా, బెర్తా పేర్లుగానే మిగిలిపోతారు. కుంటా, కిజ్జీ, కోడి పందేల జార్జ్, టామ్, సింథియా, బెర్తా, అలెక్స్ అని వరుస రాసి గోడకు అంటించుకుంటే తికమక ఉండదు. పక్కన ఆఫ్రికా, అమెరికా తీరాల పటం ఒకటి వేలాడదీయండి.

లైబ్రరీకి ఒక్క కాపీ కొంటే బీరువాలోనే ఉంటుంది. నలుగురైదుగురికి ఒక్కటి చొప్పున కొనండి. సాధారణంగా డిసెంబరులో హైదరాబాద్‌లో జరిగే పుస్తక ప్రదర్శనకు వెళ్తే హెచ్‌బీటీ స్టాల్లో ఒకేసారి తెచ్చుకోవచ్చు. ఏడు, ఎనిమిది తరగతులకు ఇవ్వకండి. తొమ్మిదికి రెండో టర్మ్‌లో మొదలుపెడితే పరీక్షల ముందు హాయిగా పూర్తవుతుంది.