పరిశోధనాత్మక జర్నలిజానికి సాయం: ఒకేసారి విరాళమా, నెలనెలా చందానా?

లంచాలనూ ఆర్థిక నేరాలనూ వెలికితీసే వార్తాసంస్థలకు సాయపడదలచినవారు పదే పదే అడిగే ప్రశ్న ఇది: ఒక పరిశోధనను ఎంచుకుని దానికి పెద్ద మొత్తం ఇవ్వడం మేలా, నెలనెలా కొద్దిపాటి చందా కట్టడం మేలా?

పెద్ద విరాళం విలువ తక్కువేమీ కాదు. 2016లో వెలువడిన పనామా పత్రాల (విదేశాల్లోని డొల్ల కంపెనీల రహస్య దస్తావేజుల) సంఖ్య సుమారు 1.15 కోట్లు, అన్ని కాగితాలను వెతకడానికి వీలుగా అమర్చే వ్యవస్థకు ఒక్కసారిగా డబ్బు కావాలి.

అయితే, ఏ కథనమూ వెలువడని నెలల్లో సంస్థ చేతిలో డబ్బు ఉంటుందా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. జర్మనీ చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్ ఖాతాలపై బ్రిటన్ పత్రిక ఫైనాన్షియల్ టైమ్స్ 2015లోనే అనుమానాలు లేవనెత్తింది. 190 కోట్ల యూరోల లెక్క తేలక ఆ కంపెనీ కుప్పకూలింది 2020 జూన్‌లో. ఈలోగా, 2019లో, జర్మనీ ఆర్థిక నియంత్రణ సంస్థ ఆ పత్రిక విలేఖరులపైనే ఫిర్యాదు చేసింది. పెద్ద పత్రిక కాబట్టి నిలదొక్కుకుంది. విరాళాలతో నడిచే చిన్న సంస్థకు అన్నేళ్ల ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? ఒకే డైరెక్టరు సంతకం ఎన్ని కంపెనీల దస్తావేజుల్లో ఉందో సరిపోల్చడం, ఆరోపణలున్నవారికి ప్రశ్నలు పంపి జవాబు కోసం ఆగడం, న్యాయవాది వాక్యం వాక్యానికీ ఆధారం అడిగితే చూపించడం, ఇంతా చేశాక రుజువు చాలక కథనాన్ని పక్కన పెట్టడం: ఇవన్నీ జీతాలిచ్చి చేయించవలసిన పనులే. ఫలానా పరిశోధనకని ఇచ్చిన సొమ్ము ఆ చివరి నిర్ణయాన్ని కష్టం చేస్తుంది; షరతులు లేని చందా ఆ స్వేచ్ఛను కాపాడుతుంది.

ఒకే పెద్ద దాతపై ఆధారపడటం ప్రమాదం కూడా. 2025లో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేసినప్పుడు, అవినీతిపై పనిచేసే అంతర్జాతీయ విలేఖరుల సంస్థ ఓసీసీఆర్‌పీ తన సిబ్బందిని తగ్గించుకోవలసి వచ్చింది. వేలమంది చందాదారులు ఒకేరోజు మానేయరు.

విలేఖరులపై పడే దావాల ఖర్చు భరించే న్యాయరక్షణ నిధులకు ఇవ్వడం చందాకు దాదాపు సమానమే. మాల్టాలో పరిశోధనాత్మక విలేఖరి డాఫ్నే కరువానా గలిజియా 2017లో హత్యకు గురయ్యేనాటికి ఆమెపై 40కి పైగా పరువునష్టం దావాలున్నాయి. వాటిలో కొన్ని ఆ తర్వాత కుటుంబాన్నీ వెంటాడాయి. ఇక కథనాలను నలుగురికీ పంపడం మంచిదే కాని, దానితో జీతాలు రావు.

చందా కట్టేముందు ఆ సంస్థ దాతల పేర్లనూ వార్షిక లెక్కలనూ బయటపెడుతుందో లేదో చూడండి. ఇతరుల లెక్కలు అడిగేవారు తమవి దాచకూడదు. ఒక్కసారి మాత్రమే ఇవ్వగలిగినవారు, ఏ పరిశోధనకూ ముడిపెట్టకుండా ఇవ్వడం మేలు.