సన్నదు కాగితాలకు ఈ షాపుకే పోండి, కాకపోతే పొద్దున్నే పోండి

అనంతపురం కోర్టు దగ్గర జిరాక్సు, టైపింగు షాపులకు కొదవ లేదు. బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి సన్నదు, అంటే వకీలు లైసెన్సు, తీసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం నేను ఈ షాపే చెప్తాను. నడిపేది రిటైరైన కోర్టు గుమాస్తా. మిగతాచోట్ల ఆధార్ తీసుకుని ఫారం నింపేస్తారు. ఈయన ముందు కూర్చోబెట్టి ప్రశ్నలేస్తాడు.

నాది తాడిపత్రి. పిల్లలు హైస్కూలుకొచ్చాక లా చదివాను. బంగారం బ్యాంకులో ఉంది, పంట లోను ఉంది, అది మా ఊళ్లో ఎవరింట్లోనైనా ఉండేదే. అసలు టెన్షన్ వేరే. మా ఆడబిడ్డ చీటీకి షూరిటీగా చెక్కు ఇచ్చినందుకు ఒక చిట్ కంపెనీ నా మీద 138 కేసు, అంటే చెక్కు బౌన్స్ కేసు, వేసింది. లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. మొదట వెళ్లిన ఇంకో షాపులో కుర్రాడు "ముగిసిన కేసే కదక్కా, కేసులు లేవని కొట్టేస్తా" అన్నాడు. లేచొచ్చేశాను.

ఈ పెద్దాయన మొదటి ప్రశ్నే అది. "చెక్కు కేసులేమన్నా ఉండాయామ్మా? చిన్నదా పెద్దదా అని నువ్వు లెక్కెయ్యొద్దు, అన్నీ చెప్పు." చెప్పాను. లోక్ అదాలత్ ఇచ్చిన రాజీ ఉత్తర్వు (అవార్డు) సర్టిఫైడ్ కాపీ తెమ్మన్నాడు. కేసు నంబరు, ఏ కోర్టు, ఎట్లా ముగిసింది, రెండే వాక్యాల్లో అఫిడవిట్‌లో రాసి, కాపీని దాని వెనకాలే పిన్ను కొట్టాడు. సంజాయిషీలు, కష్టాల కథ రాయనివ్వలేదు. "అప్పుంటే సన్నదు ఇయ్యరని యాడా లేదు. దాచి తీసుకుంటే మాత్రం ఎప్పుడు బయటపడినా మెడకు చుట్టుకుంటాది" అన్నాడు.

ఇంటికొచ్చి 1961 నాటి అడ్వొకేట్స్ యాక్టు తీసి చూశాను. మోరల్ టర్పిట్యూడ్, అంటే నీతి తప్పిన పని, కిందికి వచ్చే నేరంలో శిక్ష పడినవాళ్లను, అలాంటి ఆరోపణ మీదే సర్కారు ఉద్యోగం పోయినవాళ్లను 24ఎ సెక్షన్ ఆపుతుంది. అదీ విడుదలైన, లేదా ఉద్యోగం పోయిన రెండేళ్ల దాకానే. అప్పుల మాట అందులో లేదు. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి చేరితే పేరు తీసేసే అధికారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 26వ సెక్షన్ ఇచ్చింది. ఆయన చెప్పింది అచ్చంగా అదే.

అమెరికాలో సంగతి వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో క్రెడిట్ కార్డు బాకీల దాకా అడుగుతారు. 2011లో ఒహాయో సుప్రీంకోర్టు, లక్షన్నర డాలర్లకు పైగా అప్పున్న ఒక లా గ్రాడ్యుయేటును అప్పుడు వకీలుగా చేర్చుకోలేదు. తీర్చే దారేమిటో అతను సరిగ్గా చూపించలేదని. నాకది మరీ కఠినమనిపించింది, కానీ అర్థం లేనిదని అనలేను. యాక్సిడెంటు కేసుల్లో పరిహారం డబ్బు వకీలు చేతి మీదుగా పోయిన కథలు మన దగ్గర తక్కువా? మన దగ్గర కట్టుబాట్లు సన్నదు వచ్చాకే ఎక్కువ. క్లయింటు డబ్బుకు లెక్క రాసి పెట్టాలి, కేసు నడపడానికి క్లయింటుకు అప్పివ్వకూడదు, సొంతంగా వ్యాపారం చేయకూడదు. అందుకే నేను ఎరువుల అంగట్లో కూర్చుంటానని తెలిసి, అంగడి లైసెన్సు ఎవరి పేరున ఉందని కూడా పెద్దాయన ఆరా తీశాడు. మా ఆయన పేరున ఉందంటే సరేనన్నాడు.

ఫీజు దగ్గర కూడా మోసం లేదు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఒక పేజీ ప్రింటు తీసి గోడకు అంటించాడు. చట్టంలో ఉన్న ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125, అంతకు మించి బార్ కౌన్సిళ్లు వసూలు చేయకూడదని అందులో ఉంది. ప్యాకేజీ అని వేలు చెప్పే ఏజెంట్ల దగ్గరికి పోయేముందు ఆ గోడ చూసి పొండి.

ఇక లోపాలు. ఫోన్ ఎత్తడు. కుర్చీ ఒక్కటే, దాని మీద కూడా సగం ఫైళ్లే. లంచ్ టైమయితే వకీళ్లంతా వచ్చి పడతారు, మనల్ని పట్టించుకునే నాథుడుండడు. నా ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని పట్టుకున్నాడు గానీ, టైపులో మూడో రకంగా కొట్టాడు! మళ్లీ కొట్టిచ్చాడు, కొత్త స్టాంపు పేపరు డబ్బులు తనే పెట్టుకున్నాడు, కానీ సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు. సంతకం పెట్టేముందు ప్రతి అక్షరం చదువుకోండి. తప్పుంటే బార్ కౌన్సిల్ ఆఫీసున్న అమరావతి దాకా పోయి తిరిగొచ్చే ఓపిక ఎవరికుంది?