ఊగడం నేర్పి ఊగనివ్వని ఆట: 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2'

రెండేళ్లకు పైగా ఈ వీడియో గేమ్ డిస్కు నా దగ్గర ఉంది. ప్లేస్టేషన్ 4లో కథను రెండుసార్లు పూర్తి చేశాను, ఇప్పటికీ నెలకు ఒకటి రెండు రాత్రులు పెట్టి ఆడుతుంటాను. మొదటి వారం మోజులోనో, మొదటి ఓటమి కోపంలోనో రాస్తున్న మాటలు కావివి. ఈ ఆట మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. కానీ ఆ ఒక్కటీ ఆట మొత్తాన్నీ ఆక్రమించింది. అది హీరోవా, ముప్పువా అని తేల్చే మీటరు.

అయితే ముందు నచ్చిన సంగతి చెప్పాలి. అది అంతగా నచ్చకపోతే నాకింత బాధ ఉండేది కాదు.

2012లో వచ్చిన మొదటి భాగంలో సాలెదారం దేనికి అంటుకుంటోందో ఆట పట్టించుకోదు. చుట్టూ ఏ భవనమూ లేని చోట కూడా ఆకాశంలోకి దారం విసిరి హాయిగా ఊగవచ్చు. 2014లో వచ్చిన ఈ రెండో భాగంలో ఆ సౌలభ్యం తీసేశారు, తీసేసి మంచి పని చేశారు. కంట్రోలర్ మీది ఎడమ ట్రిగ్గర్ బటన్ ఎడమ చేతికి, కుడి ట్రిగ్గర్ కుడి చేతికి. ఎడమ పక్కన గోడ ఉంటేనే ఎడమ చేతి దారం పట్టుకుంటుంది. 2004 నాటి 'స్పైడర్‌మ్యాన్ 2' ఆడినవారికి ఈ ఆనందం వెంటనే గుర్తొస్తుంది. ఆట జరిగే న్యూయార్క్‌లోని మాన్‌హటన్ ద్వీపం మూల మలుపుల్లో కుడి దారం వదిలి ఎడమ దారం అందుకుంటే ఒళ్లంతా ఆ మలుపు తిరిగినట్టే ఉంటుంది. సెంట్రల్ పార్క్ దగ్గరికి వచ్చేసరికి భవనాలు అయిపోతాయి, పట్టు దొరకదు, నేల దగ్గరికి జారిపోతాం. నాకు అదీ ఇష్టమే. ఎక్కడ ఎత్తైన మేడలున్నాయో, ఎక్కడ లేవో చేతి వేళ్లకు తెలిసిపోతుంది.

చేతికి ఇంత హాయి ఇచ్చిన ఆట, ఆ హాయిని పది నిమిషాలు కూడా అనుభవించనివ్వదు.

మీటరు సంగతి క్లుప్తంగా చెబుతాను. నగరంలో నేరాలు జరుగుతుంటాయి. వెళ్లి ఆపితే హీరో వైపు మొగ్గుతుంది, పట్టించుకోకపోతే ముప్పు వైపు వాలుతుంది. బాగా వాలితే నేరాలను అణచడానికి పెట్టిన సాయుధ దళం, టాస్క్‌ఫోర్స్, మన మీదికే వస్తుంది. మొదటి రోజుల్లో ఈ ఆలోచనను నేను అందరి దగ్గరా మెచ్చుకున్నాను. స్పైడర్‌మ్యాన్ కథకు ప్రాణమే బాధ్యత కదా, ఆ బాధ్యతను లెక్కలోకి తెచ్చారు, ఇంతకన్నా ఏం కావాలి అన్నాను. ఆలోచన మంచిదేనని ఇప్పటికీ అంటాను. ఆటలో ఉన్నది ఆ ఆలోచన మాత్రం కాదు. నాలుగైదు రకాల నేరాలే మళ్లీ మళ్లీ వస్తాయి. వీధి కొట్లాట, కారు వెంబడింపు, తుపాకుల గొడవ, మంటల్లో చిక్కుకున్నవారిని బయటికి తేవడం. మంటల్లోంచి మొదటిసారి ఒక మనిషిని మోసుకొచ్చినప్పుడు నిజంగా గుండె వేగంగా కొట్టుకుంది. ఇరవయ్యోసారి మెట్లు ఎటున్నాయో చూడకుండానే తెలుసు. ఒక మూల ఆపి వచ్చేలోగా ఇంకో మూల కొత్త గుర్తు మెరుస్తుంది, దాని గడువు కరిగిపోతుంటుంది.

నా మనసు పూర్తిగా విరిగిన రోజు ఒకటుంది.

మేనల్లుడికి ఎనిమిదేళ్లు. సెలవులకు వచ్చాడు. వాడికి కొట్లాటలు అక్కర్లేదు. ఊగుతుంటే చూడాలి, వీలైతే తాను ఊగాలి, అంతే. ద్వీపం దక్షిణ కొస నుంచి ఉత్తర కొస దాకా ఎక్కడా నేల తాకకుండా వెళ్దామని ఇద్దరం పందెం వేసుకున్నాం. పార్కును చుట్టుకుని ఏ పక్కనుంచి వెళ్లాలో కూడా మాట్లాడుకున్నాం. ముందురోజు రాత్రే నేను కథలో ఒక పెద్ద ఘట్టం ముగించి ఉన్నాను, ఊరికి పట్టిన పెద్ద పీడనే వదిలించాను. ఆ పోరాటంలో నేనుండగా వీధుల్లో జరిగిన చిల్లర నేరాలకు ఎవరూ వెళ్లలేదు కాబట్టి, మీటరు ముప్పు వైపే వాలి ఉంది. నేను దాన్ని గమనించలేదు.

కంట్రోలర్ వాడి చేతికిచ్చాను. మొదట తడబడ్డాడు, తర్వాత లయ దొరికింది. కుడి, ఎడమ, కుడి. నోరు తెరుచుకుని నవ్వుతున్నాడు. సగం దూరం కూడా వెళ్లకముందే ఎదురుగా టాస్క్‌ఫోర్స్ డ్రోన్లు. వాటిని తప్పించుకుని పక్క వీధిలోకి తిరిగితే, భవనాల మధ్య అడ్డంగా పన్నిన ఉచ్చు. దెబ్బ తిని కిందపడ్డాడు. లేచి ఎక్కాడు, మళ్లీ కొట్టారు. "మామయ్యా, వాళ్లు మనల్ని ఎందుకు కొడుతున్నారు? మనం మంచివాళ్లమే కదా?" అని అడిగాడు. అవునన్నాను. మరి ఎందుకు కొడుతున్నారో చెప్పబోయి మీటరు, నేరాలు, గడువు అని మొదలుపెట్టాను. సగంలోనే ఆపేశాను. ఎనిమిదేళ్ల పిల్లవాడికి చెప్పలేనంత కష్టమైన విషయమేమీ కాదది. చెబుతుంటే అందులో న్యాయం నాకే కనిపించలేదు. నిన్న ఊరిని కాపాడినవాడు ఇవాళ ముప్పు ఎలా అయ్యాడు? ఒక దొంగ మన కన్నుగప్పి పారిపోయినందుకు!

తర్వాత వాడి కోసం కూర్చుని మీటరు సరిచేద్దామనుకున్నాను. ఒకదాని తర్వాత ఒకటి నేరాలు ఆపుతూ పోయాను. గంట గడిచింది. వాడు సోఫాలోనే నిద్రపోయాడు. మీటరు హీరో వైపు తిరిగే వేళకి చూసేవాళ్లెవరూ లేరు.

అప్పటి నుంచి ఒక పోలిక నా మనసులో తిరుగుతూనే ఉంది. 2018లో వేరే బృందం చేసిన స్పైడర్‌మ్యాన్ ఆటలోనూ దారి పొడుగునా నేరాలు ఎదురవుతాయి. వాటిని దాటిపోతే ఎవరూ శిక్షించరు, ఏ మీటరూ పడిపోదు. అయినా అక్కడ నేను ఆగినన్ని సార్లు ఇక్కడ ఆగలేదు. కింద ఎవరో ఆపదలో ఉన్నారు, దిగి చూద్దాం అనిపించేది. ఇక్కడ ఆ గుర్తు కనబడితే పని ఒకటి మీద పడిందన్న విసుగే. సాయం చేయాలన్న కోరికనే ఈ మీటరు చంపేసింది. స్పైడర్‌మ్యాన్ ఆటకు ఇంతకన్నా పెద్ద నష్టం నాకు తోచదు.

మిగతా సంగతులు తొందరగా చెబుతాను. సంభాషణల్లో ఏం మాట్లాడాలో ఎంచుకోమంటుంది గానీ, ఏది ఎంచుకున్నా కథ ఒకే దారిన పోతుంది. పీటర్‌కు (ముసుగు వెనకున్న స్పైడర్‌మ్యాన్), వేటగాడు క్రేవెన్‌కు మధ్య ఘట్టాలు మాత్రం శ్రద్ధగా చేశారు, అవి రెండోసారి కూడా బాగున్నాయి. స్పైడర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీ ఆటలో నడిపే కామిక్స్ దుకాణంలోకి వెళ్లినప్పుడల్లా నా ముఖం వెలుగుతుంది. ఆయన గొంతు వినడానికే పని లేకపోయినా వెళ్లిన రోజులున్నాయి. దుస్తులు ఎన్నో ఉన్నాయి, వాటి కోసం దొంగల స్థావరాలు వెతకడం సరదాగానే సాగింది. కొట్లాట పరవాలేదు. మొదట్లో చాలా బాగుందన్నాను గానీ, అన్ని గుంపులనూ ఒకే తీరున కొట్టి గెలవవచ్చని తెలిశాక ఆ మాట కొంత తగ్గించుకోవాలి.

కొనాలా వద్దా అని అడిగితే నా సమాధానం నా పరిస్థితి నుంచే వస్తుంది. నాకు రాత్రి దొరికేది ఒక గంట. ఆ గంటలో ముప్పావు వంతు మీటరుకు కప్పం కట్టాల్సి వస్తోంది, అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను. మీకు తీరిక ఎక్కువగా ఉండి, ఒకే పనిని ఓపికగా మళ్లీ మళ్లీ చేయడం నచ్చితే ఇది మీకు ఇంత గుచ్చుకోకపోవచ్చు. 2004 నాటి ఊయల మీద మమకారం ఉన్నవారైతే ఒక్కసారైనా ఆడి చూడండి. డిజిటల్ దుకాణాల నుంచి దీన్ని తీసేసి చాలా కాలమైంది, పాత డిస్కు దొరికితేనే. మొదటి భాగం బాగా నచ్చి, దానికన్నా పెద్దది కావాలని వచ్చేవారికి మాత్రం నేను సిఫారసు చేయలేను.

మేనల్లుడు మళ్లీ వచ్చే ముందు రోజు రాత్రి నేను ఒక్కడినే కూర్చుని ఆరేడు నేరాలు ఆపి, మీటరు హీరో వైపు తిప్పి, అక్కడే సేవ్ చేసి పెడతాను. పొద్దున వాడు ద్వీపం దక్షిణ కొస నుంచి మొదలుపెడతాడు. ఇప్పటివరకు ఉత్తర కొసకు ఒక్కసారి చేరాడు.