కాగితమా, కంఠస్థమా, చీటీయా: సభలో ఏది మేలు?

నలుగురిలో మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు మూడు దారులు కనిపిస్తాయి. రాసుకున్నది చూసి చదవడం, కంఠతా పట్టి అప్పజెప్పడం, ముఖ్యాంశాలు మాత్రం చీటీ మీద పెట్టుకుని మిగతాది సభను చూస్తూ చెప్పడం.

కంఠస్థాన్ని ముందే పక్కన పెడతాను. ఒక్క వాక్యం జారితే వెనుకవన్నీ జారతాయి. జారకుండా చూసుకునే ఆరాటంలో మనసు లోపలే ఉండిపోతుంది, ఎదుట కూర్చున్నవారు కనబడరు. 1904 ఏప్రిల్‌లో చర్చిల్ బ్రిటన్ కామన్స్ సభలో జ్ఞాపకాన్ని నమ్ముకుని మాట్లాడుతూ, చాలాసేపు బాగానే సాగాక, తర్వాతి మాట తట్టక కూర్చుండిపోయాడు. ఆ తర్వాత వివరమైన నోట్సు దగ్గర పెట్టుకునే మాట్లాడేవాడు.

కాగితాన్ని చిన్నచూపు చూడకూడదు. అంకెలు, గడువులు, నియమాలు చెప్పవలసిన సభలో, ఒక మాట అటూ ఇటూ అయితే ఎవరికో నష్టం కలిగే చోట, చదవడమే న్యాయం. లింకన్ 1863లో గెటిస్‌బర్గ్‌లో పలికిన సుమారు 270 మాటలు కూడా ముందుగా రాసుకున్నవే. అయితే కాగితానికి సభ ముఖం తెలియదు. పిల్లలు విసుగెత్తినా, పెద్దలు నొచ్చుకున్నా అది అదే వరుసలో సాగిపోతుంది.

నా మొగ్గు చీటీ వైపే. దానికి బలమైన సాక్ష్యం 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగం. ఆయన చేతిలో రాసుకున్న పాఠం ఉంది. చివరికి వస్తుండగా గాయని మహాలియా జాక్సన్ 'నాకో కల ఉంది' అంటూ ఆయన చెప్పే ఆ కల గురించి చెప్పమని కేక వేసింది. ఆయన పాఠాన్ని వదిలేశాడు. కానీ ఆ కల మాటలు అప్పటికప్పుడు పుట్టినవి కావు. అదే ఏడాది జూన్‌లో డెట్రాయిట్‌లోనూ చెప్పాడు. ఎన్నోసార్లు పలికి, నమ్మి, తనలో ఇంకించుకున్నవి కాబట్టే కాగితం లేకుండా వచ్చాయి. చీటీతో మాట్లాడడం సన్నద్ధత లేకపోవడం కాదు. చీటీ పట్టుకునేవారు ముందు మొత్తం రాసి, పైకి చదివి, ఆ తర్వాతే రాసినదాన్ని వదలాలి.

సభ మారినప్పుడు చీటీ విలువ ఇంకా తెలుస్తుంది. బైబిలు అపొస్తలుల కార్యాలలో క్రైస్తవ బోధకుడు పౌలు, పిసిదియ అంతియొకయ అనే ఊరిలో యూదుల సమాజమందిరంలో ఇశ్రాయేలు చరిత్రతో మొదలుపెడతాడు. ఏథెన్సులో యూదుల లేఖనాలు ఎరగనివారి ముందు మాత్రం, ఆ ఊరిలో చూసిన 'తెలియబడని దేవునికి' అన్న బలిపీఠంతో మొదలుపెట్టి, వాళ్ళ కవుల మాటనే ఎత్తి చూపుతాడు. విశ్వాసం ఒకటే, ప్రవేశద్వారం వేరు. ఒకే కాగితాన్ని రెండు చోట్లా చదివితే ఇది కుదరదు.

అందుకే నా చీటీలో మొదటి వాక్యం సభను బట్టి మారుతుంది. అట్టడుగు వాక్యం మారదు: వీళ్ళు లేచి వెళ్ళాక ఏం చేయాలని అడుగుతున్నాను? అది రాయలేకపోతే మాట్లాడడానికి ఒప్పుకోను.

ఒక్క సంతాప సభకు మాత్రం కాగితం మొత్తం జేబులో పెట్టుకునే వెళతాను. గొంతు పూడుకుపోయినప్పుడు చీటీలోని నాలుగు ముక్కలు సరిపోవు. పోయినవారి గురించి చెప్పవలసిన మాట చెప్పకుండా దిగిపోవడం నాకు ఇష్టం లేదు.