మైక్రోమీటర్ సెట్ కొంటున్నారా? పెట్టెలో ఇచ్చే రాడ్‌తో జాగ్రత్త

ఆన్‌లైన్‌లోనూ, ఆదివారం సంతల్లోనూ సగం ధరకే దొరుకుతున్న 50-75 మి.మీ. మైక్రోమీటర్ (మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచే పనిముట్టు) సెట్ల గురించి ఈ హెచ్చరిక. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) సైజు తామే కొలిచి లేత్ షాపుకి చెప్పే బైక్ మెకానిక్‌లు ముఖ్యంగా చదవాలి. పెట్టె చూడముచ్చటగా ఉంటుంది, థింబుల్ (తిప్పే పిడి) నున్నగా తిరుగుతుంది, దాని చివరనుండే రాచెట్ (ఎక్కువ బిగియకుండా ఆపేది) టకటకమని శుభ్రంగా పలుకుతుంది. మోసమంతా సున్నా సరిచూసుకోవడానికి పక్కన పెట్టి ఇచ్చే 50 మి.మీ. సెట్టింగ్ రాడ్‌లో ఉంటోంది.

0-25 సైజుకి ఈ బెడద లేదు. కదిలే స్పిండిల్‌ని ఎదురుగా కదలకుండా ఉండే యాన్విల్‌కి ఆనించి సున్నా చూసుకుంటే చాలు. 50-75 అలా మూసుకోదు కాబట్టి సున్నాకి రాడ్డే దిక్కు. దాని మీద 50 అని చెక్కి ఉండి అసలు పొడవు 50.03 ఉందనుకోండి. మైక్రోమీటర్‌ని ఆ రాడ్‌తోనే సెట్ చేసి పంపుతారు గనక గీత సున్నా మీద చక్కగా నిలబడుతుంది. అక్కణ్నుంచి కొలిచిన ప్రతిదీ 0.03 తక్కువ చూపిస్తుంది. పదిసార్లు కొలిచినా అదే రీడింగ్ వస్తుంది. అది చూసే టూల్ మంచిదని నమ్మేస్తాం.

ఇంకో మెలిక కూడా ఉంది. సిలిండర్ లోపలి సైజు కొలిచే డయల్ బోర్ గేజ్‌ని అదే మైక్రోమీటర్‌లో పెట్టి సెట్ చేసుకుని, పిస్టన్‌నీ దానితోనే కొలిస్తే రెండువైపులా ఒకే తప్పు పడుతుంది. క్లియరెన్స్ (పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య గ్యాప్) మాత్రం సరిగ్గానే వస్తుంది. నెలల తరబడి దొంగ దొరకనిది ఇందుకే. మన అంకె వేరేవాళ్ల గేజ్ దగ్గరికి వెళ్లినప్పుడు బయటపడుతుంది. స్ప్లెండర్ లాంటి 50 మి.మీ. బోర్ బండికి 0.25 ఓవర్‌సైజ్ పిస్టన్ తెచ్చారనుకుందాం. దాని స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) నిజంగా 50.23 ఉంటే మీ మైక్రోమీటర్ 50.20 అంటుంది. 0.03 గ్యాప్ కలిపి "సిలిండర్‌ని 50.23కి కొట్టు" అని లేత్ షాపులో చెబుతారు. అతని గేజ్ కరెక్ట్, అతను సరిగ్గా 50.23కే కొడతాడు. క్లియరెన్స్ సున్నా. బండి వేడెక్కగానే పిస్టన్ పట్టేస్తుంది, తిట్లు లేత్ షాపుకి పడతాయి.

దీన్ని పట్టుకోవడానికి స్లిప్ గేజ్ (కచ్చితమైన కొలతకి చేసిన ఉక్కు దిమ్మెలు) సెట్ కొనక్కర్లేదు, కొత్త బాల్ బేరింగ్‌లు చాలు. 6205 నంబరు బేరింగ్ బయటి వ్యాసం 52, 6206ది 62, 6207ది 72 మి.మీ. మామూలు గ్రేడ్‌లో ఈ మూడింటికీ బయటి వ్యాసం చెప్పిన సైజు కంటే పెరగకూడదు, 0.013కి మించి తగ్గకూడదు. అంటే 6205 కొలిస్తే 51.987కీ 52.000కీ మధ్య రావాలి. (బేరింగ్‌లలోనూ డూప్లికేట్లు ఉన్నాయి మరి, నమ్మకమైన షాపులో బిల్లుతో తీసుకోండి.) బేరింగ్‌కి పూసిన నూనె గుడ్డతో తుడిచి, యాన్విల్, స్పిండిల్ ముఖాల్ని శుభ్రమైన కాగితంతో తుడవండి. టూల్‌నీ, రాడ్‌నీ, బేరింగ్‌లనీ గంటసేపు నీడలో ఒకే బల్ల మీద ఉంచండి. రాడ్‌తో సున్నా చూసుకున్నాక బేరింగ్ కొలవండి. థింబుల్ పట్టుకుని బిగించకుండా, రాచెట్‌తో తిప్పి మూడు చప్పుళ్లకి ఆపేయాలి.

మూడు బేరింగ్‌లూ ఒకేలా 0.03 తక్కువ చూపిస్తే అనుమానించాల్సింది రాడ్‌నే. టూల్ పారేయక్కర్లేదు. రాడ్‌ని కాలిబ్రేషన్ ల్యాబ్‌లో కొలిపించి అసలు సైజు దాని మీదే రాసుకోండి. రాడ్ పెట్టినప్పుడు ఆ అంకె వచ్చేలా, సెట్‌తో ఇచ్చిన స్పానర్‌తో స్లీవ్ (గీతలున్న లోపలి గొట్టం) తిప్పుకుంటే సరిపోతుంది. 52 దగ్గర 0.01, 62 దగ్గర 0.02, 72 దగ్గర 0.04 అని తేడా పెరుగుతూ పోతే మాత్రం లోపలి స్క్రూ మర సరిగ్గా లేదని అర్థం. దానికి సెట్టింగ్ లేదు, వాపసు పంపడమే. 25-50 కొనేవాళ్లు ఇదే పరీక్షని 6000 (26 మి.మీ.), 6202 (35), 6203 (40), 6303 (47) బేరింగ్‌లతో చేసుకోవచ్చు.

ఎండాకాలం సంగతి విడిగా చెప్పాలి. కొలతల ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో మన షెడ్లలో 42 ఉంటుంది. ఉక్కు భాగాన్ని ఉక్కు టూల్‌తో కొలిస్తే రెండూ ఒకేలా సాగుతాయి, పేచీ లేదు. పిస్టన్ అల్యూమినియం కాబట్టి ఎక్కువ సాగుతుంది. 50 మి.మీ. మీద ఆ వేడికి దాదాపు 0.01 తేడా వస్తుంది. దానికి తోడు ఫ్రేమ్‌ని అరచేతిలో గట్టిగా పట్టుకుంటే అదీ వేడెక్కి రీడింగ్ కదులుతుంది. ఫ్రేమ్ మీద ప్లాస్టిక్ తొడుగు ఇచ్చేది అక్కడ పట్టుకోమనే.

డిజిటల్ వెర్నియర్ల (రెండు దవడల మధ్య పెట్టి కొలిచేవి) విషయానికొస్తే, మిటుటోయో 500-196 మోడల్ పేరుతో నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి. దవడలు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టండి, సందులోంచి వెలుగు కనబడకూడదు. ఒకే బేరింగ్‌ని దవడల మొదట్లో, చివర్లో కొలిచి చూడండి, రెండూ ఒకేలా రావాలి. తర్వాత స్లైడర్‌ని వేగంగా నాలుగుసార్లు లాగి మూస్తే మళ్లీ 0.00 రావాలి. అయినా ఒక మాట, వెర్నియర్ అసలుదే అయినా దాని ఖచ్చితత్వం 0.02. చిన్న బైక్ ఇంజిన్లలో చాలావాటికి కొత్త పిస్టన్ గ్యాప్ 0.01 నుంచి 0.04. వెర్నియర్‌తో బోర్ కొలిచి రీబోర్ (సిలిండర్‌ని తొలిచి పెద్దది చేయడం) నిర్ణయించడం బంగారాన్ని బస్తాల కాటాలో తూచడమే.

పెట్టెలో పెట్టే అచ్చు కాగితాన్ని కాలిబ్రేషన్ సర్టిఫికెట్ అనుకోవద్దు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్ ఇచ్చేదాంట్లో మీ టూల్ సీరియల్ నంబరు, ఏ పాయింట్ దగ్గర ఎంత తప్పు ఉందో, సీసీతో మొదలయ్యే ల్యాబ్ నంబరు ఉంటాయి. ఆ ల్యాబ్ గుర్తింపు నిజమో కాదో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. టూల్ మీద సీరియల్ నంబరే లేకపోతే ఆ కాగితం ఏ టూల్‌ది?

సరైనది దొరికాక దాచేటప్పుడు స్పిండిల్ లాక్ వదిలేసి, ముఖాలకి పల్చగా నూనె రాసి, రాడ్‌ని బిగించకుండా విడిగా పెట్టండి. 0-25 అయితే ముఖాల మధ్య మిల్లీమీటరు సందు వదలాలి. డిజిటల్ వెర్నియర్ మీద షాపు పేరు ఎలక్ట్రిక్ పెన్‌తో చెక్కించొద్దు, లోపలి సర్క్యూట్ పోతుంది. థిన్నర్‌తో తుడవొద్దు.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు అడగండి, దాని మీద మోడల్ నంబరు రాయించండి. ఆన్‌లైన్ అయితే పార్సిల్ విప్పేటప్పుడే సీలు కనిపించేలా వీడియో తీయండి. వాపసు గడువు చాలాచోట్ల వారం పది రోజులే కాబట్టి బేరింగ్ పరీక్ష ఆ వారంలోనే ముగించాలి. రాడ్ మీద 50 అని ఉందిగా, ఇంకేం లోపం అని అమ్మినవాళ్లు వాదిస్తే ల్యాబ్ రిపోర్ట్ జత చేసి పంపండి. అప్పటికీ డబ్బు తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.