నరసాపురం లేసు: స్త్రీ పురుష అసమానతను ఏ సిద్ధాంతం బాగా వివరిస్తుంది?

సమాజశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో స్త్రీ పురుష అసమానత అనే అధ్యాయం దాదాపు ఎప్పుడూ ఒకే వరుసలో సాగుతుంది. ప్రకార్యవాదులు (సమాజంలోని ప్రతి అమరికా ఏదో ఒక ప్రయోజనం నెరవేరుస్తుందనేవారు) ఏమన్నారు, మార్క్సిస్టులు ఏమన్నారు, స్త్రీవాదులు ఏమన్నారు అని తలా ఒక పేరా కేటాయించి, ఏ సిద్ధాంతమూ సంపూర్ణం కాదన్న వాక్యంతో అధ్యాయం ముగిస్తారు. పరీక్షకు అది చాలు. ఆ వాక్యం తప్పని నేనూ అనను. కానీ అంగట్లో నాలుగు తక్కెడలు ఉన్నాయని చెప్పి ఊరుకుంటే ఏది సరిగ్గా తూస్తుందో తెలియదు, ఒకే సరుకును నాలుగింటిలోనూ వేసి చూడాలి. ఆ సరుకుగా నేను నరసాపురం లేసును తీసుకుంటున్నాను.

పశ్చిమ గోదావరి జిల్లాలో వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురానికీ దాని చుట్టుపక్కల ఊళ్లకూ లేసు అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. మొదట పేద క్రైస్తవ స్త్రీలకు నేర్పిన ఈ పని క్రమంగా ఇతర కులాలకు, ముఖ్యంగా కాపు కుటుంబాల స్త్రీలకు పాకి, విదేశాలకు పోయే ఎగుమతి సరుకైంది. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఇక్కడ పరిశోధన చేసి 1982లో ఈ లేసు స్త్రీల మీద పుస్తకం వెలువరించారు. ఆమె నమోదు చేసిన పద్ధతిలో పని ముక్కలుగా విడిపోయి ఉంటుంది: పువ్వులు అల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది, కాజాకుట్టు ఇంకొకరిది. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లినది ఏజెంటే పట్టుకుపోతాడు, రేటు అతను చెప్పిందే. ఆ రోజుల్లో 6 నుంచి 8 గంటలు అల్లిన స్త్రీకి రోజుకు రూపాయి కూడా గిట్టేది కాదు. పక్క పొలంలో ఊడ్పులకూ కలుపుకూ వెళ్లే కూలీ స్త్రీ సంపాదన అంతకంటే నయం.

ఇక్కడి నుంచి మూడు ప్రశ్నలు పుడతాయి. రేటు అంత తక్కువగా ఎందుకు ఉంది? అల్లే మనిషి తన పనిని పని అని ఎందుకు అనదు? పొలంలో ఎక్కువ వస్తుందని తెలిసినా ఆమె గట్టు దిగి ఎందుకు వెళ్లదు? సిద్ధాంతాలన్నింటినీ ఈ మూడు ప్రశ్నలతోనే పరీక్షిద్దాం.

ప్రకార్యవాదానికి ఇందులో ప్రతినిధి అమెరికా సమాజశాస్త్రవేత్త టాల్కాట్ పార్సన్స్. 1955లో రాబర్ట్ బేల్స్‌తో కలిసి వెలువరించిన గ్రంథంలో ఆయన, కుటుంబంలో బయటి ప్రపంచంతో వ్యవహరించే సాధనాత్మక పాత్ర భర్తదనీ, లోపలి ఆప్యాయతలను చూసుకునే భావాత్మక పాత్ర భార్యదనీ, ఈ విభజన వల్ల కుటుంబం స్థిరంగా నిలుస్తుందనీ వాదించారు. ఆయన కళ్లముందు ఉన్నది యుద్ధానంతర అమెరికా నగరాల మధ్యతరగతి ఇల్లు. దాన్ని గోదావరి డెల్టాకు తెచ్చి నిలదీయడం కొంత అన్యాయమే. అయినా నిలదీస్తే, లేసు పని పార్సన్స్ చట్రంలో బహు చక్కగా ఒదుగుతుంది: ఇల్లు కదలకుండా, వంట ఆగకుండా, పిల్లలు కళ్లముందే ఉండగా నాలుగు డబ్బులు వస్తున్నాయి. ఇబ్బంది అక్కడే ఉంది. ప్రతి అమరికా ఏదో ఒక ప్రయోజనం కోసమే ఉందని మొదలుపెట్టినవాడికి ఆ ప్రయోజనం ఎవరిది అన్న ప్రశ్న తట్టదు. ఆ ప్రశ్నను అదే శిబిరంలోని రాబర్ట్ మెర్టన్ 1949లోనే లేవదీశారు, ఒక సమూహానికి ఉపకరించేది మరొక సమూహానికి చేటు చేయవచ్చని గుర్తుచేశారు. అంతవరకు మెర్టన్‌ను మెచ్చుకోవచ్చు, కానీ రేటు ఎందుకు తక్కువో చెప్పే పనిముట్టు ఆయన దగ్గరా లేదు. మూడు ప్రశ్నలలో ఒక్కదానికి, అదీ సగమే, జవాబు చెప్పిన సిద్ధాంతాన్ని ఇక్కడితో పక్కన పెడుతున్నాను.

మార్క్సిస్టు సిద్ధాంతం మొదటి ప్రశ్న దగ్గర మెరుస్తుంది. పెట్టుబడి పెట్టేవాడు షెడ్డు కట్టడు, దీపం వెలిగించడు, పని లేని రోజులకు జీతం ఇవ్వడు. ఇల్లు, వెలుతురు, తీరిక అన్నీ అల్లే మనిషివే. పైగా ఆమె తిండి గింజలు భర్త కూలీ నుంచో, కౌలు చేను నుంచో వస్తాయి కాబట్టి, ఆమెకు ఇచ్చేది ఒక మనిషి బతకడానికి చాలకపోయినా పని ఆగిపోదు. రేటు కడుపు నిండే స్థాయి కన్నా కిందికి ఎలా జారుతుందో ఇంత స్పష్టంగా మరో సిద్ధాంతం చెప్పలేదు. కానీ మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ 1884లో చెప్పిన పరిష్కారాన్ని నరసాపురం నిలబడనివ్వలేదు. స్త్రీలు సామాజిక ఉత్పత్తిలోకి తిరిగి ప్రవేశించడమే వారి విముక్తికి మొదటి షరతని ఆయన అన్నారు. లేసు అల్లే స్త్రీ గడప దాటకుండానే ప్రపంచ మార్కెట్ ఉత్పత్తిలో పూర్తిగా ఉంది, విముక్తి ఛాయలు మాత్రం లేవు. ఇంకో చిక్కు కూడా ఉంది. వ్యాపారం పెరిగిన కొద్దీ ఏజెంట్లుగా, ఎగుమతిదారులుగా పైకి వెళ్లింది పురుషులు, సూది పట్టి కూర్చున్నది స్త్రీలు. పెట్టుబడికి చౌక చెయ్యి కావాలి, నిజమే. ఆ చెయ్యి ఆడమనిషిదే ఎందుకు కావాలో వర్గ విశ్లేషణ ఒక్కటే చెప్పలేదు.

మీస్ ఇక్కడే ఒక అడుగు ముందుకు వేశారు. ఆమె చెప్పినదాన్ని తెలుగులో గృహిణీకరణ అనవచ్చు. ఉత్పత్తి చేసే స్త్రీని కార్మికురాలిగా కాక గృహిణిగా నిర్వచించడం ఏదో పాతకాలపు ఆచారం మిగిలిపోవడం కాదనీ, అలా నిర్వచించడం వల్లనే ఆమె శ్రమ చౌక అవుతుందనీ, ఎగుమతి వ్యాపారం మొత్తం ఆ నిర్వచనం మీద నిలబడి ఉందనీ ఆమె వాదన. మన భాషలో దీనికి సిద్ధంగా ఒక సామెత ఉంది: వేణ్ణీళ్లకు చన్నీళ్లు. భర్త సంపాదన వేణ్ణీళ్లు, భార్యది చన్నీళ్లు. ఈ మాట అనే వాళ్లెవరూ దురుద్దేశంతో అనరు, పైపెచ్చు మెచ్చుకోలుగానే అంటారు. అయినా ఆ పోలికలోనే రేటు నిర్ణయమైపోయింది, ఎందుకంటే చన్నీళ్లకు ఎవరూ ధర కట్టరు. జనగణన కాగితాల్లో లేసు కార్మికులుగా కనిపించినవారు బహు తక్కువ కాగా అల్లే స్త్రీలు నిజానికి లక్షకు పైగా ఉన్నారన్నది ఈ నిర్వచనానికి గణాంకాల రూపం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాల వినియోగ సర్వేలో, వేతనం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు వెచ్చించినట్టు తేలింది. ఐదు గంటలు అలా పోయాక మిగిలిన దాన్ని 'ఖాళీ సమయం' అని పిలిచి, ఆ ఖాళీలో లేసు అల్లుతున్నారని చెప్పుకోవడం ఈ దేశంలో ఎవరికీ వింతగా అనిపించదు.

రెండో ప్రశ్నకు ఇంత పెద్ద అద్దం అక్కరలేదు, చిన్న భూతద్దం చాలు. ఆ ప్రాంతంలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఒకామెను "మీరేం చేస్తారండీ?" అని అడిగాను. ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టుకుని, ఉండ దొర్లిపోకుండా స్టీలు గిన్నెలో వేసుకుని, కుడిచేతి క్రోషియా సూదితో పువ్వు రేకలు లెక్కపెట్టుకుంటూనే ఆమె "పనేముందండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటాను" అంది. ఆ మాట అంటున్నంతసేపూ సూది ఆగలేదు. అమెరికా సమాజశాస్త్రవేత్తలు కాండేస్ వెస్ట్, డాన్ జిమ్మర్‌మన్ 1987లో రాసిన వ్యాసం ఈ క్షణాన్ని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. జెండర్, అంటే ఆడతనం మగతనం, మనిషికి పుట్టుకతో అంటిన లక్షణం కాదు, ఇతరుల ఎదుట గడియగడియకూ చేసి చూపించాల్సినది, చేయకపోతే జవాబు చెప్పుకోవలసినది అని వారి వాదన. 'ఖాళీగా ఉంటాను' అన్నది ఆ స్త్రీ అమాయకత్వం కాదు. సంసారి ఆడది ఇలాగే చెప్పాలని వీధి మొత్తం ఎదురుచూసే జవాబు అది. కాలేజీ దరఖాస్తులో 'తల్లి వృత్తి' అన్న గడిలో ఆమె కూతురు 'గృహిణి' అని రాసేటప్పుడు కూడా అదే జరుగుతుంది.

ఈ సిద్ధాంతం నాకు ఇష్టమైనది, అందుకే దాని బలహీనతను దాచడం సబబు కాదు. అంతా రోజువారీ ప్రవర్తనలోనే ఉందనుకుంటే ప్రవర్తన మార్చుకుంటే సరిపోవాలి. ఆమె రేపటి నుంచి 'నేను లేసు కార్మికురాలిని' అని చెప్పడం మొదలుపెట్టినంత మాత్రాన ఏజెంటు రేటు పెంచడు, పక్క వీధిలో తక్కువకు అల్లేవారిని వెతుక్కుంటాడు.

మూడో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి పైవన్నీ తడబడతాయి. ఎక్కువ కూలీ వచ్చే పొలానికి పేద కాపు స్త్రీ ఎందుకు వెళ్లదు? ఘోషా పాటించే ఇంటి ఆడవాళ్లం అన్న గౌరవమే దానికి జవాబని, పొలానికి వెళ్లే దళిత స్త్రీల కంటే తాము ఒక మెట్టు పైన ఉన్నామన్న భావన ఆ గౌరవంలో భాగమని మీస్ స్వయంగా నమోదు చేశారు. ఎక్కువ సంపాదించే మనిషికి తక్కువ మర్యాద, తక్కువ సంపాదించే మనిషికి ఎక్కువ మర్యాద. స్త్రీలందరినీ ఒకే గంపలో వేసే స్త్రీవాదానికి ఇది మింగుడుపడదు. ఆదాయాన్ని బట్టి మనుషులను వరుసలో నిలబెట్టే వర్గ విశ్లేషణకూ మింగుడుపడదు. అమెరికా న్యాయశాస్త్రవేత్త కింబర్లీ క్రెన్‌షా 1989లో నల్లజాతి స్త్రీల కేసులను పరిశీలిస్తూ, నాలుగు దిక్కుల నుంచి వాహనాలు వచ్చే కూడలిలో జరిగిన ప్రమాదాన్ని ఏదో ఒక్క రోడ్డుకు అంటగట్టలేమని వాదించారు. ఆ కూడలి దృష్టితో చూస్తే నరసాపురంలో కులం ఒక అదనపు విషయం కాదు, రేటును కిందకు లాగే యంత్రంలో అదొక పళ్లచక్రం. గడప దాటకపోవడమే గొప్ప అయిన చోట, గడప దగ్గరకు వచ్చే ఒకే ఒక్క కొనుగోలుదారు చెప్పిందే ధర. అదే సమయంలో పొలంలోని దళిత స్త్రీకి గడప దాటే 'స్వేచ్ఛ' ఎవరూ దయతో ఇచ్చినది కాదు, భూమి లేకపోవడం వల్ల నెత్తిన పడినది. మొదట పేద క్రైస్తవ స్త్రీల చేతుల్లో ఉన్న సూది మరో కులం అరుగు ఎక్కాకే మర్యాద చిహ్నమైందన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఒక్కటే ఎంచుకోమంటే మీస్ విశ్లేషణనే ఎంచుకుంటాను. కారణం, అది చేతిలోని దారం దగ్గర మొదలై ఎగుమతిదారు దాకా వెళుతుంది, దారిలో కులాన్ని చూసి కళ్లు మూసుకోదు. పాశ్చాత్య స్త్రీవాదులు మూడో ప్రపంచ స్త్రీలను ఒకే మూసలో పోస్తున్నారని 1984లో గట్టిగా విమర్శించిన చంద్ర తల్పాదే మొహంతి కూడా, స్థానిక వాస్తవాన్ని ఓపికగా విడమర్చిన అధ్యయనానికి ఉదాహరణగా నరసాపురం పుస్తకాన్నే చూపారు. కులాన్ని మీస్ గమనించినంత లోతుగా సిద్ధాంతీకరించలేదన్నది నా ఫిర్యాదు; ఆ లోటును కూడలి దృష్టి తీరుస్తుంది. వెస్ట్, జిమ్మర్‌మన్‌లను ఇంటర్వ్యూ చేసే పరిశోధకులకు సిఫారసు చేస్తాను, ఎందుకంటే 'పని చేస్తారా?' అని అడిగితే వచ్చే జవాబు ఎందుకు తప్పుతుందో, 'నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశారు?' అని ఎందుకు అడగాలో వాళ్లే నేర్పుతారు.

ఎంపిక తేడా చట్టం దగ్గర మరింత స్పష్టమవుతుంది. ఒకే రకం పని చేసే స్త్రీ పురుషుల మధ్య వివక్షను 1976 నాటి సమాన వేతన చట్టం నిషేధించింది, తర్వాత దాన్ని కలుపుకున్న 2019 వేతన కోడ్ కూడా నిషేధిస్తుంది. లేసు సూది పట్టిన పురుషుడే పక్కన లేనప్పుడు ఎవరితో సమానమని అడగాలి? అసమానతను కేవలం వివక్షగా చూసే సిద్ధాంతానికి ఇక్కడ చేయగలిగింది లేదు. గృహిణీకరణ దృష్టికి మాత్రం దారి కనిపిస్తుంది: ఇంటి దగ్గర పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించాలని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందం 1996లో వచ్చింది, భారతదేశం దాన్ని ఆమోదించలేదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరును. ఆ పేరు వాడుకునే అధీకృత వినియోగదారుల జాబితాలో ఎగుమతిదారుల పక్కన అరుగు మీది స్త్రీల పేర్లు ఎన్ని చేరతాయన్నది ఈ పోలికను కొనసాగించే వాళ్లు మొదట లెక్కపెట్టవలసిన సంఖ్య.